సర్వీస్ సెంటర్ కంప్యూటర్‌లో మీ ఫోన్ ఎందుకు దొరకదు? ఒక అడ్వాన్స్‌డ్ సెర్చ్‌ని మళ్లీ డిజైన్ చేసిన అనుభవం

ఫోన్ రివ్యూ అనగానే కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే గురించి మాట్లాడుకుంటాం. కానీ అదే ఫోన్ పాడై సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన రోజు, మన పని జరుగుతుందా లేదా అనేది ఇంకో సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది. అది కౌంటర్ అవతలివాళ్ల స్క్రీన్ మీద ఉంటుంది. మనకి కనిపించదు. ప్లే స్టోర్‌లో దానికి రేటింగ్ ఇచ్చే ఛాన్స్ కూడా లేదు. సాయంత్రాలు రివ్యూలు రాసే నేను, పగలు చేసే ఉద్యోగం అలాంటి సాఫ్ట్‌వేర్ రాయడమే. అందులో ఒకే ఒక్క పేజీ, అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీ, మా టీమ్ మళ్లీ ఎందుకు కట్టాల్సి వచ్చింది, ఎలా కట్టాం అనేది ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

అసలేం జరిగింది?

లేబుల్ ప్రింటర్ సమస్య చూడ్డానికి విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్‌కి వెళ్లాను. కౌంటర్ వెనక కూర్చుని పని చేసుకుంటుంటే ఒకావిడ వచ్చారు. కొడుకు ఫోన్ రిపేర్‌కి ఇచ్చారట, జాబ్ షీట్ కాగితం ఎక్కడో పోయింది. మొబైల్ నంబర్ చెప్పారు. కౌంటర్‌లో కుర్రాడు కొట్టి చూశాడు. "ఫలితాలు లేవు." పేరు చెప్పారు. లేవు. తెలివిగా ఫోన్ బాక్స్ కూడా తెచ్చారు, దాని మీద ఉన్న ఐఎంఈఐ చదివారు. అదీ లేదు.

"మేడమ్, మీరు వేరే సెంటర్‌లో ఇచ్చి ఉంటారు" అన్నాడు కుర్రాడు. "ఇక్కడే ఇచ్చాను బాబూ, ఇదే కౌంటర్‌లో" అన్నారావిడ. అతను మర్యాదగానే చెప్పాడు, కానీ ఆ మాటకి అర్థం 'మీరు చెప్పేది నిజం కాదు' అనే కదా! పక్కన లైన్‌లో ఉన్నవాళ్లు కూడా ఆవిడ వైపు అలాగే చూశారు. ఆవిడ వెళ్లిపోకుండా అక్కడే కుర్చీలో కూర్చున్నారు. గంట తర్వాత స్పేర్ పార్ట్ కోసం బయటికొచ్చిన టెక్నీషియన్ ఆవిడని గుర్తుపట్టి, "మేడమ్, మీ ఫోన్ నిన్ననే రెడీ అయింది కదా" అన్నాడు. ఫోన్ కౌంటర్ వెనక ర్యాక్‌లోనే ఉంది. నా కుర్చీకి రెండు అడుగుల దూరంలో.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. స్క్రీన్ చెప్పిందే చెప్పాడు. ఆ స్క్రీన్ రాసింది మేమే.

సాయంత్రం ఆ రికార్డు తెరిచి చూస్తే నాలుగు వేర్వేరు కారణాలు కనిపించాయి:

1. మొబైల్ నంబర్ ముందు సున్నాతో సేవ్ అయింది. ఆవిడ సున్నా లేకుండా చెప్పారు.
2. డ్యూయల్ సిమ్ ఫోన్‌కి రెండు ఐఎంఈఐలు ఉంటాయి. రికార్డులో మొదటిది ఉంది, ఆవిడ బాక్స్ మీద చదివింది రెండోది.
3. లక్ష్మి అనే పేరుని ఇంగ్లిష్‌లో ఒకరు 'కె ఎస్ హెచ్' పెట్టి రాశారు, వెతికినవాళ్లు 'ఎక్స్' పెట్టి కొట్టారు.
4. అంతకుముందు కస్టమర్ కోసం పెట్టిన 'రిపేర్‌లో ఉంది' అనే స్టేటస్ ఫిల్టర్ అలాగే ఉండిపోయింది. ఈవిడ ఫోన్ స్టేటస్ 'డెలివరీకి సిద్ధం'.

ఇందులో ఏ ఒక్కటీ కస్టమర్ తప్పు కాదు. కౌంటర్‌లో ఉన్నవాళ్ల తప్పూ కాదు.

పాత పేజీ ఎలా ఉండేది?

మీరు ఆఫీసుల్లో చూసే ఉంటారు. 'అడ్వాన్స్‌డ్ సెర్చ్' నొక్కగానే ముప్పై పైచిలుకు ఖాళీ గడులు. డేటాబేస్ టేబుల్‌లో ఎన్ని కాలమ్‌లు ఉంటే స్క్రీన్ మీద అన్ని గడులు. రాసినవాడికి అది ఈజీ. వాడేవాడికి అది పరీక్ష పేపర్. సగం గడులు 'మరిన్ని ఆప్షన్లు' అనే మడత కింద దాక్కుని ఉంటాయి. అక్కడ పెట్టిన ఫిల్టర్ ఆన్‌లో ఉందో లేదో బయటికి తెలియదు. పై కథలో నాలుగో కారణం అదే.

కొత్త డిజైన్ గీసే ముందు మేం మూడు రోజులు కౌంటర్ల దగ్గర ఊరికే కూర్చున్నాం. ఏమీ అడగలేదు, చూశాం. రెండు విషయాలు తెలిశాయి. ఒకటి, అందరూ నింపేది ఒకే గడి: మొబైల్ నంబర్, లేదా జాబ్ నంబర్, లేదా ఐఎంఈఐ. రెండోది మాకు కాస్త సిగ్గు అనిపించిన విషయం. ఒక సెంటర్‌లో ఒకక్క రోజూ పొద్దున్నే మొత్తం జాబ్‌ల లిస్ట్‌ని ఎక్సెల్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుని, రోజంతా కంట్రోల్-ఎఫ్ కొట్టి అందులోనే వెతుక్కుంటోంది. "మీ సెర్చ్ కన్నా ఇదే నయం సార్" అంది. జనం మీ సాఫ్ట్‌వేర్‌లోంచి డేటా బయటికి లాగి ఎక్సెల్‌లో వెతుకుతున్నారంటే, మీ సెర్చ్ ఫెయిలైనట్టే. దానికి వేరే సర్వే అక్కర్లేదు.

ఒకే బాక్స్, కానీ అంకెలు చూసి గుర్తుపట్టేది

మొదటి మార్పు: ముప్పై గడుల బదులు పైన ఒకే పెద్ద బాక్స్. ఏ గడిలో ఏం కొట్టాలో మనిషి ఆలోచించక్కర్లేదు. కొట్టింది ఏంటో సాఫ్ట్‌వేరే గుర్తుపట్టాలి.

ఇది అనుకున్నంత కష్టం కాదు. మన దేశంలో మొబైల్ నంబర్ అంటే 10 అంకెలు, మొదటి అంకె 6, 7, 8, 9లో ఏదో ఒకటి. కాబట్టి ఖాళీలు, గీతలు, ముందున్న సున్నా, ప్లస్ 91 అన్నీ తీసేసి చివరి 10 అంకెలు పోల్చితే చాలు. సేవ్ చేసేటప్పుడూ, వెతికేటప్పుడూ రెండు వైపులా ఇదే రూల్ ఉండాలి. ఒకవైపే చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఐఎంఈఐ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మీ ఫోన్‌లో *#06# కొట్టి చూడండి, 15 అంకెల నంబర్ కనిపిస్తుంది. అందులో మొదటి 8 అంకెలు ఫోన్ మోడల్‌ని చెప్తాయి. తర్వాతి 6 అంకెలు ఆ ఫోన్ సీరియల్ నంబర్. చివరి అంకె చెక్ డిజిట్. అది మిగతా 14 అంకెల నుంచి లెక్కకట్టి వచ్చేది. ఆ లెక్క పేరు లూన్ అల్గారిథమ్. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ దీనికి 1960లో పేటెంట్ పొందాడు. క్రెడిట్ కార్డు నంబర్లకి కూడా ఇదే లెక్క.

మీరే ట్రై చేయొచ్చు. మీ ఐఎంఈఐలో ఎడమ నుంచి 2, 4, 6... ఇలా 14 దాకా సరి స్థానాల్లో ఉన్న అంకెల్ని రెట్టింపు చేయండి. రెండంకెల సంఖ్య వస్తే ఆ రెండింటినీ కూడండి, అంటే 14 వస్తే 1+4=5. ఇప్పుడు వీటిని, మిగిలిన అంకెల్ని అన్నీ కలిపి కూడితే మొత్తం 10తో భాగించబడాలి. ఒక్క అంకె తప్పు కొట్టినా ఈ లెక్క కుదరదు. పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. 0, 9 పక్కపక్కన ఉండి మారితే మాత్రం దొరకదు.

దీంతో మాకేం లాభం? పాత పేజీలో ఒక అంకె తప్పు కొట్టినా 'ఫలితాలు లేవు' అనే వచ్చేది. కొత్త పేజీ డేటాబేస్‌ని అడగకముందే, "ఈ ఐఎంఈఐలో ఏదో అంకె తప్పుంది, ఒకసారి చూసుకోండి" అంటుంది. మొదటి మెసేజ్ కస్టమర్‌ని అనుమానించేలా చేస్తుంది. రెండోది టైపింగ్‌ని సరిచూసుకోమంటుంది. ఇక రెండు ఐఎంఈఐల సమస్యకి రెండింటినీ సేవ్ చేయడం, బాక్స్‌లో కొట్టింది ఏదైనా రెండింటితోనూ పోల్చడం మొదలుపెట్టాం.

వెంకట్‌లందరూ ఒకే సంచిలో

అసలు తిప్పలు పేర్లతో. మన పేర్లు తెలుగులో ఒకేలా ఉంటాయి, ఇంగ్లిష్‌లోకి వెళ్తే పది రకాలు. శ్రీనివాస్‌కి ఒకరు ఒక 'ఐ' పెడతారు, ఇంకొకరు రెండు 'ఈ'లు పెడతారు. జ్యోతిలో 'టీ' తర్వాత 'హెచ్' ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు చివర.

పేర్లని ఉచ్చారణ బట్టి వెతికే పాత పద్ధతి ఒకటి ఉంది, సౌండెక్స్. అమెరికాలో 1918లోనే పేటెంట్ అయింది. పేరులో మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లుల్ని గుంపులుగా చేసి మూడు అంకెలుగా మారుస్తుంది. చాలా డేటాబేస్‌లలో రెడీమేడ్‌గా దొరుకుతుంది కాబట్టి మేమూ ముందు అదే పెట్టాం. లక్ష్మి రెండు స్పెల్లింగ్‌లకీ ఒకే కోడ్ వచ్చింది, సంబరపడ్డాం. తర్వాత వెంకటేష్ కొట్టాం. వెంకటేశ్వర్లు, వెంకటరమణ, వెంకట్రావు, వెంకటలక్ష్మి అందరూ వచ్చేశారు! ఎందుకంటే సౌండెక్స్ మూడు అంకెల దగ్గర ఆగిపోతుంది. 'వెంకట్' దాకా వచ్చేసరికే ఆ మూడూ అయిపోతాయి. అందరి కోడూ వీ-523 అవుతుంది. అమెరికా ఇంటిపేర్ల కోసం చేసిన పద్ధతి మన కోస్తా, తెలంగాణ కస్టమర్ లిస్ట్ మీద పనిచేయదు.

చివరికి రెండు పనులు కలిపి చేశాం. ముందు మన స్పెల్లింగ్ అలవాట్లకి రూల్స్ రాసుకున్నాం: 'టీ హెచ్', 'టీ' ఒకటే, జంట 'ఈ' అంటే 'ఐ', జంట 'ఓ' అంటే 'యూ', 'డబ్ల్యూ' అంటే 'వీ', 'కె ఎస్ హెచ్' అంటే 'ఎక్స్', రెండుసార్లు వచ్చిన అక్షరం ఒక్కటే. ఆ తర్వాత ట్రైగ్రామ్ పద్ధతి. అంటే పేరుని మూడేసి అక్షరాల ముక్కలుగా కోసి, రెండు పేర్లలో ఎన్ని ముక్కలు కలిశాయో చూడటం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో దీనికోసం ఎక్స్‌టెన్షన్ ఉంది, కొత్తగా రాయక్కర్లేదు. ఇంటిపేరు ముందున్నా వెనకున్నా ముక్కలు దాదాపు అవే కాబట్టి ఆ సమస్య కూడా తగ్గింది.

స్పీడ్ సంగతి

చాలామంది కస్టమర్లు "చివరి నాలుగు అంకెలు 4417 అండీ" అంటారు. ఇది డేటాబేస్‌కి చాలా బరువైన ప్రశ్న. నిఘంటువులో 'క'తో మొదలయ్యే మాటలు వెతకడం క్షణం పని. 'డు'తో ముగిసే మాటలు వెతకాలంటే పుస్తకం మొత్తం తిరగేయాలి. డేటాబేస్‌లో మామూలు ఇండెక్స్ కూడా అంతే, మొదటి అక్షరం నుంచే పనికొస్తుంది. దీనికి సింపుల్ ట్రిక్ ఉంది: ప్రతి నంబర్‌ని తిరగేసి ఇంకో కాలమ్‌లో ఉంచాం. 4417తో ముగిసేవి కావాలంటే, తిరగేసిన కాలమ్‌లో 7144తో మొదలయ్యేవి అడిగితే సరిపోతుంది. వెనక నుంచి వెతకడం కాస్తా ముందు నుంచి వెతకడం అయిపోయింది.

'అండ్', 'ఆర్' గొడవ

ఇంతవరకు కౌంటర్ సంగతి. కానీ ఈ పేజీని మేనేజర్లు కూడా వాడతారు. వాళ్లకి ఒక్క ఫోన్ కాదు, గుంపు కావాలి. "విజయవాడ, గుంటూరు సెంటర్లలో 15 రోజులు దాటినా డెలివరీ కాని జాబ్‌లు" లాంటివి. వీళ్లకి నిజంగానే అడ్వాన్స్‌డ్ సెర్చ్ అవసరం.

పాత పేజీలో ప్రతి గడి పక్కనా 'అండ్', 'ఆర్' అని డ్రాప్‌డౌన్ ఉండేది. మేనేజర్ 'విజయవాడ అండ్ గుంటూరు' అని పెట్టేవారు, సున్నా ఫలితాలు వచ్చేవి. ఒకే జాబ్ రెండు ఊళ్లలో ఉండదు కదా. మనం మామూలుగా 'విజయవాడవి, గుంటూరువి ఇవ్వు' అంటే కంప్యూటర్ భాషలో అది 'ఆర్'. జార్జ్ బూల్ 1854లో ఈ లాజిక్ మీద పుస్తకం రాశాడు. మనుషులు ఇప్పటికీ ఇంట్లో అలా మాట్లాడరు, మాట్లాడక్కర్లేదు.

దీనికి జవాబు మీరు రోజూ షాపింగ్ యాప్‌లలో వాడుతున్నదే. ర్యామ్ కింద 8 జీబీ, 12 జీబీ రెండూ టిక్ చేస్తే ఏదున్నా చూపిస్తుంది. దాంతో పాటు 5000 ఎంఏహెచ్ బ్యాటరీ టిక్ చేస్తే రెండు షరతులూ తీరినవే చూపిస్తుంది. ఒకే ఫిల్టర్ లోపల 'ఆర్', ఫిల్టర్ల మధ్య 'అండ్'. మేం డ్రాప్‌డౌన్‌లు తీసేసి ఇదే పెట్టాం. పైన, కొట్టిన ప్రశ్న మొత్తాన్ని ఒక వాక్యంగా చూపించాం: "విజయవాడ లేదా గుంటూరు సెంటర్లలో, 15 రోజులు దాటిన, డెలివరీ కాని జాబ్‌లు". వాక్యం చదవగానే తప్పు అడిగామో లేదో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇక్కడ కోడ్ రాసే ఫ్రెండ్స్ గుర్తుపెట్టుకోవాల్సిన గోతి ఒకటుంది. 'వారంటీ ఉంది కానివి' అని అడిగితే 'లేదు' అని ఉన్నవి వస్తాయి, కానీ ఆ గడి ఖాళీగా వదిలేసిన జాబ్‌లు రావు. ఎస్‌క్యూఎల్‌లో ఖాళీ అంటే 'తెలియదు'. తెలియనిది 'ఉంది'కి సమానం కాదా అని అడిగితే జవాబు కూడా 'తెలియదు' అనే వస్తుంది, ఆ వరుస పక్కకి పోతుంది. రిపోర్టులో ఎవరూ గమనించకుండానే జాబ్‌లు మాయమైపోతాయి. మేం ప్రతి ఫిల్టర్‌లో 'నింపలేదు' అనే టిక్‌ని విడిగా పెట్టాం.

'ఫలితాలు లేవు' పేజీకే ఎక్కువ టైమ్

నిజం చెప్పాలంటే మేం ఎక్కువ రోజులు పనిచేసింది ఏమీ దొరకనప్పుడు కనిపించే స్క్రీన్ మీద. ఇప్పుడు ఏమీ దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ మూడు పనులు చేస్తుంది. ఏం వెతికిందో చెప్తుంది. ఏ ఫిల్టర్లు ఆన్‌లో ఉన్నాయో చూపిస్తుంది. ఆ ఫిల్టర్లు తీసేస్తే ఏమైనా దొరుకుతుందా అని తనే ఒకసారి వెతికి చూస్తుంది. దొరికితే, "ఈ నంబర్‌తో 1 జాబ్ ఉంది. 'రిపేర్‌లో ఉంది' ఫిల్టర్ వల్ల కనిపించడం లేదు" అని చెప్పి పక్కనే బటన్ ఇస్తుంది. ఫిల్టర్లన్నీ బాక్స్ కిందే చిన్న చిన్న ముక్కలుగా ఎప్పుడూ కనిపిస్తాయి. కొత్త కస్టమర్ కోసం వెతకడం మొదలుపెట్టగానే పాతవి వాటంతటవే పోతాయి.

మేం చేసిన రెండు తప్పులు

మొదటి తప్పు: కొత్త పేజీ రాగానే పాతది తీసేశాం. ఇందాక చెప్పిన ఎక్సెల్ అక్క లాంటివాళ్లు సంతోషించారు, కానీ ఇంకో సెంటర్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒకాయన గట్టిగా గొడవపెట్టారు. ఆయన మౌస్ ముట్టుకోకుండా ట్యాబ్ కీతో గడులు దాటుకుంటూ చకచకా కొట్టేవారు. మా అందమైన టిక్ బాక్స్‌లు ఆయన్ని స్లో చేశాయి. ఆయన మాట నిజమే. కీబోర్డ్‌తోనే అన్నీ చేసేలా మార్చాం. జీమెయిల్‌లో 'ఫ్రమ్' అని కోలన్ పెట్టి పేరు కొడితే వెతుకుతుంది చూడండి, అలాంటి షార్ట్‌కట్‌లు కూడా ఇచ్చాం. అది పూర్తయ్యేదాకా పాత పేజీ లింక్ తిరిగి పెట్టాం.

రెండోది ఇంకా పెద్దది. సెర్చ్ బాగా పనిచేయడం మొదలయ్యాక ఒక టెస్టింగ్ రోజు నేను సరదాగా మా పక్కింటాయన నంబర్ కొట్టాను. ఆయన ఫోన్ మోడల్, అడ్రస్, ఏం రిపేర్ చేయించుకున్నారో అన్నీ వచ్చేశాయి. పాత పేజీ ఏ మూల దాచిపెట్టిందో అదంతా ఇప్పుడు అర సెకనులో బయటపడుతోంది. ఒక అమ్మాయి నంబర్‌ని కౌంటర్‌లో ఎవరైనా ఇలా కొడితే? బాగా వెతకగలగడం అంటే బాగా చూడగలగడం కూడా. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది, కానీ చట్టం లేకపోయినా ఇది ఆపాల్సిందే. ఇప్పుడు లిస్ట్‌లో నంబర్, అడ్రస్ సగం మాస్క్ అయి ఉంటాయి. వేరే సెంటర్ జాబ్ అయితే 'ఫలానా సెంటర్‌లో ఉంది' అని మాత్రమే చెప్తుంది. పూర్తి రికార్డు ఎవరు తెరిచినా ఆ సంగతి లాగ్‌లో పడుతుంది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి

మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో మనకి తెలీదు కాబట్టి, ఫోన్ ఇచ్చేముందు ఇవి చేయండి:

- *#06# కొట్టి రెండు ఐఎంఈఐలూ స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌కి పంపుకోండి. ఫోన్ పోయినప్పుడు సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి కూడా ఇదే కావాలి.
- జాబ్ షీట్ ఇవ్వగానే ఫొటో తీసుకోండి. దాని మీద మీ నంబర్, పేరు స్పెల్లింగ్ అక్కడే చెక్ చేయండి.
- "రికార్డు లేదు" అంటే గొడవపడకండి. "ఫిల్టర్లన్నీ తీసేసి, చివరి పది అంకెలతో ఒక్కసారి చూడండి అన్నా" అని అడగండి. అదీ కుదరకపోతే రెండో ఐఎంఈఐ ఇవ్వండి.

మీలో రేపు ఇలాంటి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు చాలామందే ఉంటారు. 'ఫలితాలు లేవు' అనే రెండు మాటలు స్క్రీన్ మీద పెట్టే ముందు, కౌంటర్ ఇవతల నిలబడ్డ మనిషికి ఆ మాటలు ఎలా వినిపిస్తాయో ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు ఆ గంటసేపు కుర్చీలో కూర్చున్నావిడ వైపు నిలబడింది ఆ టెక్నీషియన్ జ్ఞాపకశక్తి ఒక్కటే. ఆ పని మా సాఫ్ట్‌వేర్ చేయాల్సింది.